ముఖం నిలవని పాప

"నువ్వు పక్కన ఉంటే నేను చూడలేను, కొంచేపు బయట కూర్చో బావా" అని చైత్ర తలుపు దగ్గరికి వేసుకుంది. గొళ్ళెం పెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండేదనిపించింది లోకేశ్‌కి. గొళ్ళెం తీసేటప్పుడు చప్పుడవుతుంది, ఆ చప్పుడుకి మనిషి కొంచెం సిద్ధపడొచ్చు, దగ్గరికి వేసిన తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. మెట్టు మీద కూర్చున్నాడు. ఆదివారం మధ్యాహ్నం, ఊరిగాం క్వార్టర్స్ వీధిలో అలికిడి లేదు, చర్చికి పోయి వచ్చినవాళ్ళు తిని పడుకున్నట్టున్నారు. ఆషాఢం గాలి మాత్రం పడుకోలేదు. ఇంటి వెనకాల సైనైడ్ దిబ్బ, గనిలోని రాయిని పిండి చేసి బంగారం తీసుకున్నాక మిగిలినదాన్ని ఏళ్ళ తరబడి పోగుపోసిన తెల్లటి కొండ, దాని మీద నుంచి సన్నటి ఇసుక లేచి వచ్చి తీగ మీద ఆరేసిన బట్టల మీదా, మెట్ల మీదా, అతని కాలివేళ్ళ సందుల్లోనూ వాలుతోంది. లోపల కంప్యూటరులో ఆడుతున్నది ఎనిమిది నిమిషాల సినిమా. సినిమా అని కూడా అనకూడదు, పెన్సిలు బొమ్మల్ని వరసగా పేర్చి, వాటి కింద ప్రస్తుతానికి గాలి చప్పుడూ రేకుల చప్పుడూ పెట్టిన ముడి సరుకు. ఎనిమిది నిమిషాలు ఎప్పుడో అయిపోయి ఉండాలి. బట్టలు మళ్ళీ జాడించాల్సి వస్తుంది, లేచి తియ్యాలి అనుకున్నాడు, లేవలేదు, లేస్తే తను లేచిన చప్పుడు లోపలికి వినిపిస్తుందేమో, అది విని ఆమె చూడటం ఆపేస్తుందేమో.

ఆ సినిమాలో ఒక పాప ఉంది. పాపకి పాలపన్ను ఊడుతుంది. ఊడిన పన్నును ఇంటి కప్పు మీదికి విసిరితే కొత్త పన్ను చక్కగా వస్తుందని వాళ్ళమ్మ చెబుతుంది, అందరిళ్ళల్లో చెప్పే మాటే. పాప విసురుతుంది. రేకుల కప్పు, పైగా దిబ్బ గాలి, పన్ను టకటకా దొర్లి వచ్చి మళ్ళీ పాప కాళ్ళ దగ్గరే పడుతుంది. ఎన్నిసార్లు విసిరినా అంతే. ఇంక పన్నును పట్టుకునే కప్పు యాడుందా అని పాప ఊరంతా తిరుగుతుంది, పక్కింటి రేకులు, చర్చి పెంకులు, మూతపడిన గని మీద తుప్పు పట్టి నిలబడిన ఇనుప చట్రం. అంతే కథ. చివర ఏమవుతుందో అతనికే ఇంకా తెలియదు, రకరకాలుగా గీసి చూశాడు, ఏదీ కుదరలేదు. ఈ కథ అతను కల్పించింది కాదు, చైత్ర ఇచ్చింది, ఇచ్చినట్టు ఆమెకు తెలియదు. బడి నుంచి వచ్చి వాకిట్లో చెప్పులు విడుస్తూ, "ఈ పొద్దు మా క్లాసులో ఒక పాపకి పన్ను ఊడింది. పెన్సిల్ డబ్బాలో పెట్టుకొని అందరికీ చూపిస్తా ఉండాది. మా ఇంటికి మిద్దె లేదు మిస్, యాడ వెయ్యల్ల అని అడిగింది" అని నవ్వింది. నవ్వు సగంలోనే వదిలేసి వంటింట్లోకి పోయింది. ఎందుకు వదిలేసిందో అతనికి తెలుసు. ఆమె పాఠం చెప్పేది ఒకటో తరగతికి. వాళ్ళ బిడ్డ బతికి ఉంటే ఆ బెంచీల్లోనే ఎక్కడో ఒకచోట కూర్చుని నాలికతో ముందుపన్ను కదిలించుకుంటూ ఉండే వయసు. ఆ మాట ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. అతను లోపలికి పోయి కాగితం తీసుకున్నాడు. ఆ రాత్రి గీసిన పాప వెనక్కి తిరిగి నిలబడి కప్పుకేసి చూస్తూ ఉంది, కాళ్ళు కొంచెం ఎడంగా, విసరబోయే చెయ్యి వెనక్కి పోయి. వీపు ఎంత బాగా కుదిరిందో. వీపు ఎప్పుడూ కుదిరింది. ముఖమే.

లోపల రేకుల చప్పుడు వినిపించింది, పన్ను దొర్లే చోటు, అంటే సినిమా మొదటికి పోయింది, మళ్ళీ చూస్తోంది. లోకేశ్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. అతని చేతులు ఎక్కడో దేశం కాని దేశంలో పుట్టిన ఎలుగుబంట్లకీ కుక్కపిల్లలకీ పనిచేసిన చేతులు. బెంగళూరు స్టూడియోలో అతని ఉద్యోగం మధ్య బొమ్మలు గీయడం. తోక ఈ పక్కన ఉన్న బొమ్మ ఒకరు గీస్తారు, తోక ఆ పక్కకి పోయిన బొమ్మ కూడా వాళ్ళే గీస్తారు, ఆ రెండింటి మధ్యన తోక పోయే దారి అంతా లోకేశ్‌ది. పొద్దున రైల్లో నిలబడి పోయి, చీకటి పడ్డాక రైల్లో నిలబడే వచ్చి, అట్లా ఏళ్ళు గడిచాయి. కరోనా వచ్చి ఇంట్లోనే గీయమన్నారు, రైలు తప్పింది. ఒక్క ముఖం కూడా అతనిది కాదు, అన్నీ ఎవరో ఇచ్చినవి, ఇచ్చిన ముఖం చెదరకుండా ఇక్కడి నుంచి అక్కడికి చేర్చడమే పని. అందులో అతన్ని మించినవాడు లేడని స్టూడియో పెద్ద ఉమేశ్ అందరి ముందూ అంటాడు. ఈ పిల్లల సినిమాల పోటీ సంగతి చెప్పిందీ ఆయనే, పాప కథ విని భుజం తట్టిందీ ఆయనే. నిన్న ఫోన్ చేసి మాత్రం మెత్తగానే, విసుగు దాచుకుంటూ, "లోకేశ్, నడక బాగుంది, చేతులు బాగున్నాయి. కానీ ఒక షాట్‌లో ఉండే పాప ఇంకో షాట్‌లో లేదు. ఈ పాప ఎవరు? నువ్వు నిర్ణయించుకోలేదు. సోమవారానికి ముఖం ఖాయం చేసి పంపు, లేకుంటే ఇంకొకరి చేత గీయిస్తాను" అన్నాడు. ముందు నుంచి చూస్తే ఎట్లా ఉంటుంది, పక్క నుంచి, నవ్వితే, ఏడిస్తే, అన్నీ ఒకే కాగితం మీద గీసి, ఇదీ ఈ పాప అని చెప్పే షీటు ఒకటి కావాలి. ఇతరుల షీట్లు కొన్ని వందలు చూసినవాడు. తన పాప షీటు దగ్గర చెయ్యి పడిపోయింది. ఇంకొకరి చేత గీయిస్తాను అన్న మాట నిన్నటి నుంచి అతన్ని వదలడం లేదు. ఇంకొకరు గీసి ఇస్తే, దాని మధ్య బొమ్మలు తనే గీయాలి గదా.

ఈ పాప ఎవరు. ముక్కు మునెమ్మ అవ్వది. అతని తల్లి భాగీరథికీ, చైత్ర తండ్రి శ్రీరామప్పకీ తల్లి మునెమ్మ అవ్వ, చైత్ర అతనికి మేనమామ కూతురు, ఇద్దరి ఇళ్ళూ ఒకే కొమ్మ, ముక్కులు కూడా ఒకటే, చివర కొంచెం వంగి. తన ఊరు రాయల్పాడు నుంచి ఎండాకాలం సెలవులకి క్యాసంబళ్ళి మామ ఇంటికి పోతే చైత్ర వసారాలో కూర్చుని, పట్టుపురుగులకి మల్బరీ ఆకు తరుగుతూ, ఇతన్ని చూడగానే, "వచ్చినాడమ్మా బొమ్మల బావ" అని లోపలికి కేకేసేది. ఆ వయసులో ఆమె గడ్డం కింద ఒక సొట్ట ఉండేది, ఇప్పుడు లేదు, అది పాపకి పెట్టాడు. చెవులు అమ్మవి పెట్టాడు. అవి పెడితే ముక్కు నప్పలేదు, ముక్కు తగ్గించి మామ దవడ పెట్టాడు, పాప పెద్దమనిషిలా అయింది, తీసేసి చైత్ర కళ్ళు పెట్టాడు, పాప చైత్ర అయింది, మేనమామ కూతురు పొట్టిగవును వేసుకుని పన్ను పట్టుకుని నిలబడింది. గోడ నిండా అతికించాడు. రాత్రి బాగుందనుకున్న ముఖం పొద్దున లేచి చూస్తే ఎవరో చుట్టాల పిల్లలా ఉండేది, పెళ్ళిలో కనిపించి, ఎవరి బిడ్డవమ్మా అని అడిగించుకునే పిల్లలా. అసలు ముఖం ఎప్పుడో ఒకసారి చూసి, దాన్ని మరచిపోయి వెతుకుతుంటే ఇది కాదు, ఇది కాదు అని చెప్పడానికి లోపల ఏదో ఒకటి ఉంటుంది. అతనికి లోపల ఏమీ లేదు. అక్కడ ఉన్నది ఆస్పత్రి గోడ.

లేత పచ్చరంగు గోడ, సగం వరకూ. కోలారులో ఆ ఆస్పత్రి వరండాలో సిమెంటు బెంచీ మీద అతనూ శ్రీరామప్ప మామా కూర్చున్నారు, అమ్మ తలుపు దగ్గరే నిలబడింది. ఏడో నెల. అంతకు ముందు రెండు రోజుల నుంచి లోపల కదలిక లేదని చైత్ర అంటే, నిద్రపోతా ఉంటుంది అమ్మీ, అని అమ్మ అంది, అట్లా అన్నందుకు తర్వాత ఎంత కుమిలిందో, దేవుడి గదిలోకి పోవడం మానేసింది చాలా కాలం. డాక్టరమ్మ బయటికి వచ్చి, సొంతంలోనే పెళ్ళి చేసుకున్నారా అని మొదట అదే అడిగింది. మామ తల దించుకున్నాడు. అదే కారణమని ఆమె అనలేదు, కాదనీ అనలేదు. ఆ ప్రశ్న మాత్రం వాళ్ళ ఇంట్లోనే ఉండిపోయింది, ఇద్దరూ ఒకే కంచం ముందు కూర్చున్నప్పుడు కూడా మధ్యన ఉండేది. అంతలో ఆయా వచ్చింది, తాయమ్మ అని పిలిచేవాళ్ళు, చేతుల్లో తువ్వాలు మూట. ఎంత చిన్న మూటంటే, మొదట అతనికి అది అదని తెలియలేదు. "ఆడబిడ్డ. చూస్తావా అప్పా?" అని తువ్వాలు కొస పట్టుకుని అడిగింది. అతను లేచి నిలబడ్డాడు. కొస తీస్తోంది. అప్పుడు చూపు ఎక్కడికి పోయింది? గోడ మీదికి పోయింది. గోడ మీద రంగు పెచ్చు లేచిన చోట తెల్లటి మచ్చ ఒకటి, దాని అంచు ఇప్పటికీ కాగితం మీద గీసి చూపించగలడు, అంత బాగా చూశాడు దాన్ని. ఒక్క క్షణం. చూపు కిందికి దించితే చాలు. ఆయా కొంచెం ఆగి, కొస మళ్ళీ కప్పి, మూటను మామ చేతికి ఇచ్చింది. మామ చూశాడా? మామను ఎప్పుడూ అడగలేదు. క్యాసంబళ్ళి తోటలో, మల్బరీ మడికి పైన, మామిడిచెట్ల వరస చివర మామే గుంత తీశాడు, అతన్ని తవ్వనియ్యలేదు, సుమ్నె, ఊరికే ఉండు నాయనా, నువ్వు పక్కన ఉంటే చాలు అన్నాడు. పక్కన ఉన్నాడు. మన్ను మాత్రం వేశాడు, గుప్పెడు, మూట కట్టినట్టే ఉండగా.

అది కాదు తప్పు. దాన్ని ఎవరైనా తప్పు అంటారా, చూడలేకపోయాడు, అంతే. సాయంత్రం వార్డులోకి పోయాడు. చైత్ర గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తల్లికి చూపించొద్దు, చూస్తే ఇంక జన్మలో మరవలేదు, అని అమ్మ ముందే లోపలికి చెప్పి పంపింది, అందరూ అదే మంచిదన్నారు. చైత్ర ఇటు తిరగకుండానే, "చూసినావా బావా?" అంది. చూసినాను అన్నాడు. ఎందుకన్నాడో. కొంతసేపటికి, "ఎట్ల ఉండె?" అంది. "నీ మాదిరే ఉండాది. తల నిండా జుట్టు." మాట ఎంత సులువుగా వచ్చిందో. ఏ బిడ్డనైనా చూసి వచ్చి ఎవరైనా చెప్పే మాట, కానుపు ఇళ్ళల్లో వినీ వినీ నోట్లో సిద్ధంగా ఉండే మాట. ఆమె దుప్పటి భుజం మీదికి లాక్కుంది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ అడగలేదు, ఒక్కసారి కూడా, ఏ పండగకీ, ఏ ఏడాది ఆ తేదీ వచ్చినప్పుడూ. అడగకపోవడం ఆమె మంచితనం అనుకున్నాడు. అడగకపోవడం వల్లనే ఆ అబద్ధం పాతుకుంది. చైత్ర దృష్టిలో ఈ లోకంలో వాళ్ళ బిడ్డ ముఖం ఎరిగిన మనిషి తనొక్కడే. ఆమె అన్నం వడ్డించేటప్పుడు, నిద్రలో చెయ్యి వేసినప్పుడు, అతనికి ఆ సంగతి గుర్తొచ్చేది, తన దగ్గర ఉందని ఆమె నమ్ముతున్న వస్తువు తన దగ్గర లేదని.

అందుకే ఆ గది తలుపు ఎప్పుడూ వేసే ఉంచేవాడు. ఈ పొద్దున మరిచాడు. తలకు నూనె పెట్టుకుని స్నానానికి పోయాడు, తిరిగి వచ్చేసరికి చైత్ర ఉతికిన దుప్పట్లు చేతిలో పట్టుకుని ఆ గది మధ్యన నిలబడి ఉంది, గోడ మీద అన్ని ముఖాలూ ఆమెను చూస్తున్నాయి. వాటిల్లో ఆమె తండ్రి ఉన్నాడు, ఆమె అత్త ఉంది, ఆమె ఉంది. "ఈ పాపకి ఎన్నేండ్లు?" అంది. ఆరు అన్నాడు. దుప్పట్లు కుర్చీ మీద పెట్టింది, మళ్ళీ తీసుకుని సరిగ్గా మడత పెట్టింది. "పన్ను కథ మా క్లాసుదే కదా" అంది. ఔనన్నాడు. వంట చేసింది, ఇద్దరూ తిన్నారు, రాగి ముద్ద గొంతు దిగడానికి అతను చాలా నీళ్ళు తాగాడు. చెయ్యి కడుక్కుంటూ, "సినిమా నాకు చూపించు" అంది.

"ఏమప్పా, మీకు నీళ్ళు వచ్చినాయా?" అని ఎవరో అడిగారు. పక్క క్వార్టర్స్ మునియప్ప, ఖాళీ బిందె పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. గనిలో పనిచేసిన మనిషి, నాలుగు అడుగులు వేసి ఆగి ఊపిరి తీసుకుంటాడు. రాలేదన్నాడు లోకేశ్. "మోటారు కాలిపోయిందంట. ఆదివారం ఎవుడు వస్తాడు" అని, పోకుండా, గోడకి చెయ్యి ఆనించి కొంచెంసేపు ఊపిరి కోసం నిలబడ్డాడు. "ఇంట్లో ఆయమ్మకి ఒళ్ళు బాగలేదా? బయట కూర్చోనుండావు." బాగానే ఉంది అన్నాడు లోకేశ్, లోపల పని చూసుకుంటా ఉండాది. మునియప్ప తల ఆడించి, ఇసుక పడకుండా బిందె బోర్లించి పట్టుకుని పోయాడు. ఆయన చెప్పుల చప్పుడు, ఆగడం, మళ్ళీ చప్పుడు. అది వినిపించనంత దూరం పోయాక తెలిసింది, లోపల సినిమా చప్పుడు లేదని. ఎప్పుడు ఆగిందో. ఎక్కడ ఆపి ఉంటుంది? పాప తలెత్తి చూసే చోటు, దగ్గరగా ముఖం, అక్కడే అయి ఉంటుంది. బయటికి వచ్చి అడుగుతుంది, ఇదేనా, ఇట్లనే ఉండెనా అని. ఔను అంటే? ఔను అంటే అయిపోతుంది, అవ్వ ముక్కూ అమ్మ చెవులూ అతికించిన ఈ బొమ్మ ఆమెకు జన్మంతా తన బిడ్డ అయి కూర్చుంటుంది, రాత్రి కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తుంది, సినిమా ఎక్కడెక్కడో ఆడుతుంది, ఆమె చీకట్లో కూర్చుని దాన్ని చూసి ఏడుస్తుంది. కాదు అంటే, మరి ఎట్ల ఉండె అంటుంది. నేను చూడలేదు చైత్రా. గోడ చూసినాను. నోట్లో ఆ మాట పెట్టుకుని కదిలించి చూశాడు, బయటికి వచ్చే ఆకారం దానికి లేదు. ఏడ్చినా బాగుండు. ఏడుపు కూడా వినిపించడం లేదు. లేచి, రైల్వేస్టేషన్ దాకా నడిచి, ఏ రైలు ఉంటే ఆ రైలు ఎక్కితే, బంగారుపేట దాటేసరికి ఫోన్ మోగుతుంది, ఉప్పు తేవాలి అని గుర్తు చేసినట్టు మామూలు గొంతుతో, యాడున్నావు అని అడుగుతుంది. అట్లాంటి మనిషి ఆమె.

తలుపు తెరుచుకోలేదు. లోపలి నుంచే పిలిచింది. "రా బావా."

నేల మీద కూర్చుని ఉంది. గోడ మీది కాగితాలన్నీ ఊడదీసి చుట్టూ పరిచింది, ఒకదాని మీద ఒకటి పడకుండా, బడిలో పిల్లల బొమ్మలు పరిచినట్టు. తెర మీద పాప తలెత్తి ఆగిపోయి ఉంది. అతను ఎదురుగా కూర్చున్నాడు. ఆమె కళ్ళు ఎర్రగా ఏమీ లేవు.

"ఇది ఎవరి ముక్కు?"

"అవ్వది."

"ఈ చెవులు అత్తవి. కండ్లు నావి. ఇది మా నాయన." ఒక్కో కాగితం మీద వేలు పెట్టి చెప్పింది. "అందరూ ఉండారు."

అతను ఊ కొట్టాడు. ఇప్పుడు అడుగుతుంది అనుకున్నాడు.

"ఆ బిడ్డ మన ఇంట్లో ఎవరి మాదిరీ లేదు బావా" అంది చైత్ర.

గాలి కిటికీ రెక్కను కొట్టింది. ఆ మాటలో ఏముందో అతనికి వెంటనే అందలేదు. అందాక కూడా తప్పుగా విన్నానేమో అనుకున్నాడు, ఆమె ముఖం చూసి కాదని తెలుసుకున్నాడు.

"నువ్వు..."

"చూసినాను. డాక్టరమ్మ అట్ల పక్కకి పోతానే తాయమ్మను అడిగినాను. చూపించొద్దన్నారమ్మా అనింది. నా బిడ్డ కదా అంటి. తెచ్చి ఇక్కడ పెట్టింది" అని మెడకీ భుజానికీ మధ్య చోటు తాకింది. "కొంచేపే. ఆ తర్వాతనే నీ దగ్గరికి తెచ్చింది."

"మరి వార్డులో నన్ను..."

"నువ్వు చూసినావా అని అడిగినాను. చూసినాను అన్నావు. ఎట్ల ఉండె అంటే తల నిండా జుట్టు అన్నావు." ఆమె గొంతు పెరగలేదు. "జుట్టే లేదు బావా. తల నున్నగా ఉండె. అప్పుడే తెలిసింది నాకు, నువ్వు చూడలేదని."

లోకేశ్ నేలకేసి చూశాడు. నేల మీద అన్నీ ముఖాలే.

"భయపడినావు అని అర్థమయింది. దానికి నాకు కోపం లేదు. ఈ పొద్దు చెప్తాడు, రేపు చెప్తాడు అని చూసినాను. నువ్వు చెప్తే నేను కూడా చెప్తును. చూసింది నేనొక్కదాన్నే. ఎవరితో మాట్లాడల్ల నేను ఆ బిడ్డ గురించి? అత్తతో చెప్తే చూపించొద్దంటే ఎందుకు చూసినావు అంటాది. మా నాయనకి ఆ మాటెత్తితేనే ఏడుపు ఆగదు. నీతోనే చెప్పుకోవల్ల. నువ్వేమో చూసినవాని మాదిరి తిరుగుతా ఉంటివి. ఆరేండ్లు. ఇంగ అడిగేదే వదిలేసినాను."

క్షమించమని అనాలి. ఆ మాట చాలా చిన్నదిగా, వాడి వాడి అరిగినదిగా కనిపించింది, తల నిండా జుట్టు లాంటిదే ఇంకొకటి. ఆమె కూడా దానికోసం చూస్తున్నట్టు లేదు. కుర్చీ మీది నుంచి తెల్లకాగితం ఒకటీ పెన్సిలూ తీసి అతని ముందు పెట్టింది.

"గీయి. నేను చెప్తాను."

నుదురు వెడల్పు, ఇంకా, ఇంకొంచెం, అంది. ముక్కు ఎత్తు లేదు, ఒక పక్కకి అణిగి, చిన్న గుండీ మాదిరి. అతను గీశాడు, ఆమె కాదంది, చెరిపాడు, గీశాడు. పై పెదవి ముందుకు వచ్చి ఉండె, అలిగిన మాదిరి. కుడి చెవి మడత పడి ఉండె, లోపల ఆ పక్కకే పండుకొని ఉండాది కాబోలు అంది, అది అంటున్నప్పుడు మొదటిసారి ఆమె గొంతు చెదిరింది, సర్దుకుంది. గడ్డం లేదు, ఇట్లనే మెడలోకి పోయింది. అతను జీవితమంతా ఎవరో చెప్పిన ముఖాలే గీసినవాడు, చెప్పింది చెప్పినట్టు చెయ్యి నడుస్తోంది. కాగితం మీద ఒక ముఖం తేలుతూ ఉంది. అవ్వ కాదు, మామ కాదు, చైత్ర కాదు, తను కాదు. ఎక్కడా చూడని మనిషి. ఇదా. ఇది ఆ తువ్వాలు కింద ఉండింది, మూరెడు దూరంలో, కొస పట్టుకుని ఆయా అడుగుతుంటే.

"కళ్ళు?" అన్నాడు.

"మూసుకొని ఉండె. అవి నాకూ తెలీదు."

రెండు సన్నటి గీతలు గీశాడు, వాలుగా. ఆమె వంగి చూసింది. ఎడమ పక్కది చూపుడువేలితో కొంచెం మెత్తగా రుద్దింది, గీత పల్చబడింది. అంతే అంది. చాలాసేపు ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. బయట గాలి తగ్గింది, ఎవరింట్లోనో నీళ్ళు వచ్చినట్టున్నాయి, వీధిలో బిందెల చప్పుడు మొదలైంది.

"సోమవారం ఇది పంపిస్తే..." అని మొదలుపెట్టాడు లోకేశ్. ఖాయమైన ముఖం. ఏ పక్క నుంచి గీసినా ఇంక చెదరదు, అతనికి తెలుస్తోంది, ఇప్పుడే గీయగలడు పక్క నుంచి కూడా.

"వద్దు" అంది చైత్ర. "ఇది వాళ్ళకి ఇయ్యొద్దు. ఆ పాప వేరే. పన్ను పట్టుకొని ఊరంతా తిరగతా ఉండాది, నవ్వతా ఉండాది. దానికి ఇంకెవరి ముఖమైనా పెట్టు. మా క్లాసులో ఇరవై మంది ఉండారు, రా, వచ్చి చూడు." కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని లేచింది. "ఇది నవ్వకూడదు బావా. నవ్వించొద్దు దీన్ని."

ఆమె లోపలి గదిలోకి పోయింది. లోకేశ్ ఇంకో కాగితం తీసుకున్నాడు. గుండ్రంగా ఒక తల గీశాడు, రెండు జడలు, ముందు పన్ను లేని నోరు. ఏ ఇంటి పిల్లో, ఎవరూ కాదు. చెయ్యి ఎక్కడా ఆగలేదు, ఇన్ని నెలలూ రానిది అట్లా వచ్చేసింది, అందులో అతనికి ఏ సంతోషమూ కలగలేదు. తెర మీద ఆగిపోయిన పాపను చూశాడు. ఆ ముక్కు ఎవరిదో, ఆ చెవులు ఎవరివో, రేపు అన్నీ తీసేయాలి. లోపల చైత్ర ఏడుస్తోంది. అణచుకోకుండా, తలుపు వేసుకోకుండా, వార్డులో ఆ రోజు ఏడవాల్సింది ఇప్పుడు ఏడుస్తున్నట్టు. సగం గీసిన జడ వదిలేసి, పెన్సిలు కింద పెట్టి, లేచి ఆమె దగ్గరికి పోయాడు.